గంపకు తగిన వెదురు – రైతు గట్టు
(విశాఖపట్నం పరిసర గ్రామాల రైతుల సమావేశంలో ఒక వ్యవసాయశాస్త్ర ఉపన్యాసకుడు చేసిన ప్రసంగ పాఠము)



వరి ఊడ్పులు, చెరకు ముచ్చెలు, కంది పురుగు – ఇవి మనము పలుమార్లు ముచ్చటించుకున్న సంగతులే. నేడు నేను మాట్లాడదలచినది మీ ఇంటి వసారాలో బోర్లించి ఉన్న గంపను గురించి. వ్యవసాయ పాఠములు చెప్పేవానికి గంపతో పని ఏమని మీలో కొందరు నవ్వుకోవచ్చును. వెదురు గడ్డిజాతి మొక్క అని మీకు గుర్తు చేస్తున్నాను. వరి, జొన్న, చెరకు ఏ కుటుంబమునకు చెందినవో వెదురు కూడా ఆ కుటుంబమునకే చెందినది. తమ్ముళ్ళను గురించి ఇంతకాలము మాట్లాడి పెద్దన్నను విడిచిపెట్టినాము, అంతే.

ఒక ఏడాదిలో మన ఇంట ఎన్ని అల్లిక సామానులు చేతికి వస్తాయో లెక్క వేయండి. పెంటకుప్ప నుండి ఎరువు మోసే తట్ట, కళ్ళములో ధాన్యము ఎత్తే గంప, తూర్పారబట్టే చేట, జల్లెడ, గంజి వార్చే సిబ్బి, కోళ్ళగంప, దొడ్డికి తడిక, పాత ఇళ్ళలో అల్లి పేడతో అలికిన గాదె. గెడ్డలో చేపలు పట్టేవారికి ఊత, మావు ఉండనే ఉన్నవి. మన పెండ్లిలో మేనమామ పెండ్లికూతురును తెచ్చేది కూడా గంపలోనే గదా! ఇవన్నీ అల్లి ఇచ్చేవారు ఎక్కువగా మేదరులు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ దేశపు కులములను గురించి ప్రకటించిన గ్రంథములలో మేదరులు వెదురుతో చేసే చేటలు, గంపలు, ఊయలలు, చాపలు, విసనకర్రలు మొదలైన వాటిని పేర్కొన్నారు. ఆనాటి సామానులలో చాలా వరకు నేటికీ మనము వాడుతూనే ఉన్నాము. మన పట్టణములలో మేదరవీధి అన్న పేరు ఇంకా వినబడుతూనే ఉన్నది. ఆ వీధిలో కత్తి చప్పుడు వినబడుట మాత్రము తగ్గినది.

ఎందుకు తగ్గినదో అందరికీ తెలిసినదే. ప్లాస్టికు వచ్చినది. నేను ప్లాస్టికును తిట్టుటకు ఇక్కడకు రాలేదు. టమాటాను లారీలో దూరము పంపేవారికి ప్లాస్టికు పెట్టె మేలు. గంపలో అడుగున ఉన్న కాయ నలుగుతుంది, గంప మీద గంప పేర్చితే పైబరువు కాయ మీదనే పడుతుంది. పెట్టె బరువును తన గోడల మీద మోస్తుంది. ఇది దాచవలసిన విషయము కాదు. చేపలరేవులో నెత్తిన గంప పెట్టుకొని వీధులు తిరిగే చేపలమ్మలు కూడా చాలామంది ప్లాస్టికు, అల్యూమినియము తొట్లకు మారినారు. కడిగితే వాసన పోతుంది గనుక వారిని తప్పుపట్టలేము. కాని ఆకుకూరలకు, పూలకు, కోళ్ళకు, తడి ఆరవలసిన ధాన్యమునకు గాలి ఆడే అల్లికకు సమానమైనది ఇంకా రాలేదు. సింహాచలం కొండ క్రింద సంపెంగలు, అనాసలు అమ్మేవారిని అడగండి. ప్లాస్టికు తొట్టిలో మూటగట్టిన పువ్వు మధ్యాహ్నమునకే చెమర్చి నల్లబడుతుంది. ఎరువు తట్ట సంగతి చెప్పనే అక్కరలేదు. ఎండలో రెండు వేసవులు ఉన్న ప్లాస్టికు తట్ట పెళుసై పగిలి, ఆ ముక్కలు ఎరువుతో బాటు పొలములోనే చేరుతవి. విరిగిన వెదురు తట్ట పొయ్యిలోకి పోతుంది, లేదా పెంటలో కుళ్ళి మరల ఎరువవుతుంది.

1999లో మన రాష్ట్రమున రైతుబజారులు మొదలైన తరువాత విశాఖపట్నంలో సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ వంటి చోట్లకు మన రైతులు స్వయముగా కూరలు తెచ్చి అమ్ముకొంటున్నారు. అటువంటి ఒక బజారు బయట గంపలు పెట్టుకొని కూర్చున్న ఒక మేదరి ముసలమ్మతో నేను ఒకనాడు మాట్లాడినాను. గంప ఒకటి తీసి చూస్తే అంచు దగ్గర పేడు చిట్లి ఉన్నది. “ఏమమ్మా, అల్లిక ఇంత చక్కగా ఉన్నది, అంచు ఇట్లా చిట్లినదేమి?” అని అడిగినాను. “కర్ర ముదురు బాబూ, ఒంగదు. నాకు కావలసిన కర్ర నాకు దొరకదు, దొరికిన కర్రతో నేను అల్లుతాను” అన్నది. బేరము ఆడుదామని వెళ్ళినవాడిని, ఆ మాటతో గంప క్రింద పెట్టి ఆమె ప్రక్కన కూర్చున్నాను. ఈనాటి ప్రసంగమునకు మూలము ఆమె మాటే.

అందులో ఉన్న సంగతి ఇది. నిచ్చెనకు, పందిరికి, ఇంటి కట్టడపు పనికి ముదురు గడ కావలెను. కొనుగోలుదారులలో ఎక్కువమంది అటువంటి వారే గనుక కొండల నుండి లారీలలో దిగేది కూడా ముదురు గడయే. అది దిగేసరికే సగము ఎండి ఉంటుంది. గంపకు కావలసినది రెండవ ఏటి పచ్చి గడ. నరికిన కొద్ది రోజులలోనే చీల్చవలెను. అది దూరపు అడవి నుండి సకాలములో రాదు. అరకు పోయే దారిలో పచ్చి బొంగులకు మరొక గిరాకీ కూడా ఏర్పడినది – బొంగు చికెను. తిన్నవారిలో నేనూ ఉన్నాను, రుచికి వంక పెట్టను. కాని అల్లితే కొన్నేళ్ళు ఉండే బొంగు అక్కడ ఒక్క పూటలో బొగ్గవుతుంది. కాబట్టి గంప నాణ్యము పెరగవలెనన్నా, మేదరి ఇంట కత్తి ఆడవలెనన్నా, ఎడ్లబండి దూరములో పచ్చి వెదురు ఉండవలెను. అది ఉండదగిన చోటు మీ గట్టు.

ఈ మాట పది పదిహేనేండ్ల క్రిందట చెప్పి ఉంటే, “గట్టున వెదురు పెంచితే నరకడానికి అటవీశాఖ కాగితము కావలెను గదా” అని మీరు అడిగి ఉండేవారు. న్యాయమైన ప్రశ్నయే. 1927 నాటి భారత అటవీ చట్టము ‘చెట్టు’ అన్న మాటకు ఇచ్చిన అర్థములో తాటి, ఈత జాతులతో బాటు వెదురును కూడా చేర్చినది. వృక్షశాస్త్రమున గడ్డి అయిన మొక్క చట్టములో 90 ఏండ్లు చెట్టుగా చలామణి అయినది. 2017 నవంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ తరువాత పార్లమెంటు చేసిన సవరణ ద్వారా ఆ అర్థము నుండి వెదురును తీసివేసినారు. ఇందువలన అడవి కాని భూములలో, అనగా మన పట్టా పొలములలో పెంచిన వెదురుకు ఆ చట్టపు చిక్కు తొలగినది. అడవిలోని వెదురుకు ఈ సడలింపు వర్తించదు. అక్కడ 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయముగా గుర్తించి, హక్కుదారులైన గిరిజనులకు దానిపై హక్కు ఇచ్చినది. రెండింటిని కలగలుపుకోవద్దు. మీ గట్టు మీది గడను బండికి ఎత్తేటప్పుడు అది మీ పొలముదేనని చూపే కాగితము దగ్గర పెట్టుకొనుట మాత్రము మంచిది. దారిలో అడిగేవాడికి చట్ట సవరణ సంగతి తెలిసి ఉంటుందన్న నమ్మకము లేదు.

ఇక ఏ వెదురు నాటవలెను? మన ప్రాంతపు ఎర్ర మెట్టనేలలకు, కొండవాలు భూములకు సాధనపు వెదురు తగినది. గడ సన్నము, గట్టి, లోపలి బోలు తక్కువ. బెట్టకు ఓర్చుకొంటుంది, నీరు నిలిచే పల్లమునకు, ఉప్పునేలకు పనికిరాదు. గెడ్డల వెంబడి, శారద, గోస్తని వంటి ఏటి ఒడ్డులలో తడి ఉన్నచోట ముళ్ళ వెదురు లావుగా, పొడవుగా పెరుగుతుంది. దాని గడలో బోలు ఎక్కువ. కంచెకు అది మంచిదే గాని, ముళ్ళ మూలముగా పొదలోకి చేయి పెట్టి ఏరి నరుకుట కష్టము. ఏరి నరకలేని పొద గంపలవానికి ఉపయోగపడదు. అందుచేత గట్టుకు నేను సాధనపు వెదురునే సూచిస్తాను.

తొలకరిలో 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంట తీసి, 10 కిలోల పశువుల ఎరువు మట్టితో కలిపి నింపి మొక్క పెట్టవలెను. గట్టు మీద 4 మీటర్లకు ఒక మొక్క చాలును. 80 మీటర్ల గట్టుకు 20 మొక్కలు. మొదటి రెండు వేసవులలో తడి ఇవ్వవలెను, పశువుల నుండి కంచె ఉండవలెను. ఏటేటా వానల ముందు మొదలుకు మట్టి ఎగదోయవలెను. లేనిచో దుంప పైకి తేలి కొత్త కొమ్ములు బలహీనమవుతవి. రాలిన ఆకు పొదలోనే ఉండనివ్వండి. నీడ సంగతి ముందే ఆలోచించుకోవలెను. మన దేశములో సూర్యుడు ఎక్కువ కాలము దక్షిణముగా నడుస్తాడు గనుక పొలమునకు ఉత్తరపు గట్టున నాటితే నీడ మీ పంట మీద అంతగా పడదు. అది ఉత్తరపు పొలమువాని మీద పడుతుంది. ముందుగా అతనితో మాట్లాడండి. లేకపోతే వెదురు కంటె ముందు తగాదా మొలుస్తుంది. వేళ్ళు పంటలోకి రాకుండ గట్టుకూ మడికీ మధ్య ఒక కాలువ తీసి, ఏడాదికి ఒకసారి దానిని సవరించుకొంటే చాలును. మొక్కలకు ప్రభుత్వ సహాయము ఏ పథకము క్రింద లభిస్తున్నదో ఉద్యానశాఖవారిని అడిగి తెలుసుకోండి; 2018లో జాతీయ వెదురు మిషనును పునర్వ్యవస్థీకరించినప్పుడు రైతుల పొలములలో పెంపకమునే ముఖ్యముగా పెట్టుకొన్నారు.

ఇంతవరకు చెప్పినది ఏ కరపత్రములోనైనా దొరుకుతుంది. అసలు విషయము నరుకుటలో ఉన్నది. దీనికి కొంచెము సేపు ఓపిక పట్టండి.

వెదురు గడ మామిడి మొద్దువలె ఏటేటా లావెక్కదు. వానాకాలములో కొమ్ముగా నేలను చీల్చుకొని వచ్చేటప్పుడు ఎంత లావున్నదో, చివరి వరకు అంత లావే. రెండు మూడు నెలలలో పూర్తి ఎత్తు ఎదుగుతుంది. ఆ తరువాత అది పెరుగుట లేదు, ముదురుతున్నది. మొదటి ఏటి గడలో నీరు ఎక్కువ, నార తక్కువ; చీల్చి అల్లితే ఎండినప్పుడు ముడుచుకొని గంప వదులవుతుంది. రెండవ ఏట నార గట్టిపడి, ఇంకా వంగే గుణము ఉంటుంది. అదే గంపకు సమయము. మూడవ ఏడు దాటినది కర్రగా అమ్ముకోదగినది.

గడ వయస్సును ఎట్లు గుర్తుపట్టవలెను? మొదటి ఏటి గడ కణుపుల వద్ద గోధుమరంగు తొడుగులు ఇంకా అంటి ఉంటవి. ఒంటి మీద తెల్లని బూడిద వంటి పొర, చేతితో తుడిస్తే పోతుంది. రెండవ ఏట తొడుగులు రాలిపోయి గడ నున్నగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. తరువాత రంగు మాసి, అక్కడక్కడ బూజు మచ్చలవంటివి కనబడతవి. కత్తి పిడితో కొడితే ఖంగుమంటుంది. కళ్ళను నమ్ముకొనుట కంటె సులభమైన మార్గము మరొకటి ఉన్నది. వానలు వెళ్ళగానే ఆ ఏడు లేచిన గడలన్నిటికీ ఒక రంగు చుక్క పెట్టండి, మరు ఏడు మరొక రంగు. నాలుగు రంగులు ఉంటే పొద మొత్తము లెక్క మీ చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు ఒక పొదను ఉదాహరణగా తీసుకొందాము. మంచి నేలలో, తడి అందే పొదలో ఏడాదికి 8 కొత్త గడలు నిలిచినవనుకోండి. మెట్టలో ఇందులో సగమే రావచ్చును, లెక్క మాత్రము అదే. నరకబోయేనాటికి మొదటి ఏటివి 8, రెండవ ఏటివి 8, మూడవ ఏటివి 4, నాలుగవ ఏటివి 4, మొత్తము 24 ఉన్నవి. రెండవ ఏటి గడలలో సగము, అనగా 4, గంపలకు ఇవ్వండి. నాలుగవ ఏటివి 4 కర్రలుగా అమ్ముకోండి. పొదలో 16 మిగులుతవి. వాటిలో కొత్తవి 8, పెద్దవి 8. వచ్చే వానకు మరల 8 లేస్తవి, మరల 24. ఏటా 8 వచ్చినవి, 8 తీసినారు. రెండవ ఏటి గడలు అన్నీ ఒకేసారి తీసివేస్తే లాభము గదా అని అడుగుతారు. తీయరాదు. కొత్త కొమ్ముకు తనకంటూ ఆకు లేనప్పుడు దానికి ఆహారము అందించేది పెద్ద గడలే. తల్లులు లేని ఇంట పిల్లలు సన్నబడినట్టు గడలు సన్నబడతవి.

నరికే కాలము కార్తీకము మొదలు మాఘము వరకు. ఆషాఢ శ్రావణములలో కొమ్ములు లేచేటప్పుడు పొదలోకి కత్తితో పోరాదు. పద్మనాభం వైపు ఒక రైతు గట్టున పుష్కలముగా ఉన్న పొదను నేను ఎరుగుదును. ఒక వ్యాపారి మంచి ధర చెప్పి, శ్రావణ మాసమున పొద మొత్తము మొదలంటా నరికించుకొని పోయినాడు. లేస్తున్న కొమ్ములు మనుషుల కాళ్ళ క్రిందనే విరిగినవి. మరు ఏడు వేలెడు లావు పుల్లలు నాలుగు వచ్చినవి, అంతే. రైతు వచ్చి ఏమి ఎరువు వేయమంటారని అడిగితే నా వద్ద జవాబు లేకపోయినది. పొద తిరిగి కుదుటపడుటకు ఏండ్లు పడుతుంది. ఎరువు ఆ ఏండ్లను తిరిగి కొనిపెట్టలేదు.

నేలకు జానెడు ఎత్తున, కణుపుకు కొంచెము పైగా, పదునైన కత్తితో లేక రంపముతో కోయవలెను. కణుపు మధ్యన కోస్తే మిగిలిన మోడు గిన్నెవలె నీరు నిలుపుకొని కుళ్ళుతుంది, దోమలకు ఇల్లవుతుంది. ముదురు గడలు పొద మధ్యన, లేతవి అంచున ఉంటవి. మధ్యకు చేరుటకు ఒక వైపున దారి చేసుకొని గుర్రపు నాడా ఆకారముగా లోపలికి పోవలెను. దారి చేసుకొనక అందినవి అంచునుండి కోసుకొంటూ వస్తే రేపటి గడలనే పోగొట్టుకొంటాము. అమావాస్య దగ్గర నరికితే పుచ్చదని మన పెద్దలు అంటారు. నేను ఆ మాటను కొట్టివేయను గాని, చీకటి పక్షమని శ్రావణములో నరికేవాని కంటె వెన్నెలలో పుష్యమున నరికేవానిదే మంచి గంప అని మాత్రము చెప్పగలను.

పుచ్చు సంగతి వచ్చినది గనుక చెబుతాను. అటక మీద గంప క్రింద సన్నని పసుపురంగు పొడి రాలుట మీరు చూచే ఉంటారు. గింజంతకు మించని పెంకు పురుగు చేసిన పని అది. దానికి కావలసినది వెదురు నార కాదు, అందులో నిలువ ఉన్న పిండి పదార్థము. పిండిని తీసివేస్తే పురుగుకు అక్కడ పని ఉండదు. కోసిన గడలను గెడ్డలోనో చెరువులోనో రాళ్ళు పెట్టి రెండు మూడు వారములు ముంచి ఉంచితే పిండి, చక్కెర చాలావరకు నీటిలోకి దిగిపోతవి. నీరు కంపు కొడుతుంది, భయపడవద్దు. త్రాగునీటి చెరువులో మాత్రము వేయవద్దు. తరువాత నీడలో నిలువుగా ఆరబెట్టవలెను. పచ్చి పేడుతోనే అల్లే గంపలకు పూర్వము వంటింటి పొగ ఈ పని చేసేది. గ్యాసు పొయ్యి వచ్చి మనకు కళ్ళు మిగిలినవి, గంపకు పొగ పోయినది. ధాన్యపు గాదె తడికలు, ఇంట వ్రేలాడదీసే సామానుల వంటి వాటికి 100 లీటర్ల నీటిలో 3 కిలోల బొరాక్సు, 2 కిలోల బోరిక్ ఆమ్లము కరిగించి, ఆరిన బద్దలను ఒకటి రెండు రోజులు నాననిచ్చి, తీసి ఆరబెట్టుకొనవచ్చును. వానకు ఆ మందు కడుగుకొనిపోతుంది గనుక ఎరువు తట్టకు దండగ. సిబ్బికి, చేటకు, పండ్ల బుట్టకు వాడనే వాడవద్దు. చేటకు మన ఆడవారు నూరిన మెంతులు, నానబెట్టిన కాగితపు గుజ్జు కలిపి పూసే పద్ధతి ఉన్నది గదా. సందులు పూడి, నూక జారకుండ ఉండుటకు దానికి మించినది నేను చూడలేదు.

వెదురు పూత పూస్తే ఏమి చేయవలెనని ఎవరైనా అడుగుతారని తెలుసును. వెదురు కొన్ని దశాబ్దములకు ఒకసారి పూస్తుంది. ఒక ప్రాంతపు పొదలు ఒకేసారి పూచుట కూడా కలదు. పూచి గింజ పట్టిన పొద చచ్చిపోతుంది, దానిని ఏ మందూ ఆపలేదు. గింజ రాలక ముందే కొంత సేకరించి నారు పోసుకోండి, చచ్చిన గడలను వెంటనే అమ్ముకోండి. గింజలు రాలినచోట ఎలుకలు పెరుగుతవి, ఆ ఏడు వరి మీద కన్ను వేసి ఉంచండి.

వెదురు లేనివారు అల్లిక మానవలసిన పని లేదు. ఈత మట్ట ఈనెలు చీల్చి అల్లిన గంపలు ఎరుకలవారు తరతరాలుగా చేస్తున్నారు. సముద్రతీరపు ఇసుక నేలలలో తాటి మనకు దండిగా ఉన్నది; విప్పారని లేత ఆకుతో చక్కని బుట్టలు వస్తవి. అయితే ఒకే చెట్టు మొవ్వు మీద పదే పదే చేయి వేస్తే చెట్టు క్షీణిస్తుంది, చెట్లను మార్చుకొంటూ పోవలెను. వావిలి బరికెలు, కంది కట్టె కూడా పనికివస్తవి.

కంది కోత అయిన తరువాత ఎరువు తట్ట ఒకటి మీరే అల్లి చూడండి. వేలి లావుకు తక్కువగా ఉన్న తిన్నని కట్టెలను పచ్చిగా ఉండగానే ఏరి, ఒక రాత్రి నీటిలో నానవేయండి. నాలుగు కట్టెలను నేల మీద పరచి, వాటి మీద నాలుగింటిని అడ్డముగా వేసి, సన్నని కట్టెతో మధ్యన గట్టిగా చుట్టి కట్టండి. ఎనిమిది కట్టెలకు పదహారు కొనలు వచ్చినవి. ఇక్కడనే కొత్తవాడు తప్పు చేస్తాడు. పదహారింటితో అల్లిక మొదలుపెడితే, ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, మొదటి చుట్టులో పైనుండి పోయిన నిలువు మీదుగా మరల పైనుండే పోతుంది. క్రిందినుండి పోయినచోట క్రిందనే పోతుంది. అల్లిక బిగియదు. మరొక కొనను దూర్చి పదిహేడు చేయండి. నిలువుల సంఖ్య బేసిగా ఉంటే ప్రతి చుట్టూ వెనుకటి చుట్టుకు ఎదురుగా పడి తనంతట తానే బిగుస్తుంది. ఎక్కాలు చదువుకొనని మేదరి పిల్లవానికి ఈ లెక్క చేతివ్రేళ్ళలో ఉంటుంది. అడుగు జానెడున్నర అయిన తరువాత నిలువులను మోకాలికి ఆనించి పైకి వంచి, ప్రక్కలు అల్లుకొంటూ పోయి, చివరకు ఒక్కొక్క కొనను ప్రక్క నిలువు వెనుకకు దూర్చి అంచు కట్టవలెను. మొదటి తట్ట వంకరగా వస్తుంది. నాదీ అట్లే వచ్చినది. మా ఇంట అది కోళ్ళగంపగా మారినది.

అయినా మీరు గంపలు అల్లి మేదరులకు పోటీ కావలెనన్నది నా ఉద్దేశము కాదు. చేట, జల్లెడ మన చేతికి వచ్చే పని కాదు. గడను బద్దలుగా, బద్దను పేళ్ళుగా, పై పచ్చపొరను లోతట్టు నుండి విడదీసి కాగితమువలె చీల్చుట చిన్ననాటి నుండి కత్తి పట్టినవారికే సాధ్యము. పూర్వము కళ్ళములో ధాన్యము కొలిచేటప్పుడు మేదరికి మేర ఉండేది. ఆ పద్ధతి తిరిగి రావలెనని నేను అనను. మేర పేరుతో ఏడాది పొడుగునా చాకిరీ చేయించుకొన్న ఇండ్లు కూడా ఉండేవి. కాని ప్లాస్టికు తొట్టికి చీటీ మీద ఉన్న ధర మారుమాట లేకుండ ఇచ్చే మనము, గంప దగ్గరకు వచ్చేసరికి సగము నుండి బేరము మొదలుపెడతాము. గంప ధరలో కర్ర ఖరీదు మాత్రమే కనబడుతుంది, చీల్చిన పూట, అల్లిన పూట కనబడవు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర అరుదు అయినప్పుడు బొమ్మ చేసేవారు మొక్కలు నాటుటకు పూనుకోవలసి వచ్చినది. మేదరులలో చాలామందికి నాటుకొనుటకు నేల లేదు. నేల ఉన్నది మీ వద్ద.

కాబట్టి గట్టు ఉన్న రైతు, కత్తి ఉన్న మేదరి ముందుగా ఒక మాట అనుకోవచ్చును. గడకు రొక్కము తీసుకొంటారా, గంపలుగా తీసుకొంటారా అన్నది మీ ఇద్దరి ఇష్టము. గంపలుగా అయితే ఎన్ని గడలకు ఎన్ని గంపలు, ఏ సైజు, ఎప్పటికి అన్నది కాగితము మీద వ్రాసుకోండి. 2022 జులై 1 నుండి దేశములో కొన్ని రకముల ఒకసారి వాడి పారవేసే ప్లాస్టికు సామానులను నిషేధించిన తరువాత పెండ్లిండ్లలోను, గుడులలోను చిన్న బుట్టలను అడిగేవారు కనబడుతున్నారు. మేదరికి ఒక ఏటి కర్ర భరోసా ఉంటే అటువంటి బేరము ముందుగా ఒప్పుకోగలడు.

ఈ ఏడు పొద ఉన్నవారు కార్తీకము రాగానే కత్తి పంపక ముందు మేదరిని వెంట తీసుకొని గట్టుకు వెళ్ళండి. ఏ గడ చీలుతుంది, ఏది ఒంగుతుంది అన్నది అతడు వ్రేలితో మీటి చెబుతాడు. అతడు చూపిన గడలకు సున్నపు గుర్తు పెట్టండి. మిగిలినవాటిలో ఈ వానకు లేచినవాటిని లెక్కపెట్టి, అన్నిటికి తక్కువ కాకుండ పెద్దవి నిలిచినవో లేదో చూచుకొని, అప్పుడు కోయించండి.